సగం పేరు గల జంతువు

మీ అసలు పేరు ఏమిటి? ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు? ఈ రెండూ ఒకటే అయిన పిల్లలు చాలా కొద్దిమంది ఉంటారు. బడిలో హాజరు పట్టీలో వేంకటసుబ్రహ్మణ్యం అని ఉంటుంది. అమ్మ వంటింట్లోంచి కేక వేస్తే మాత్రం "సుబ్బూ!" అనే వినిపిస్తుంది. అన్నపూర్ణ కాస్తా పూర్ణ అవుతుంది, సూర్యనారాయణ సూరి అవుతాడు. పొడుగు పేరు పండగనాటి పట్టుబట్ట లాంటిది, పొట్టి పేరు రోజూ కట్టుకునే నూలుబట్ట లాంటిది.

అయితే పేరును పొట్టి చెయ్యటంలో ఒక చిక్కు ఉంది. ఎక్కడ కొయ్యాలో చూసుకుని కొయ్యాలి. సీతారామయ్యను "రామయ్యా" అంటే ఎవరూ ఏమీ అనరు. "సీతా" అని పిలిచారంటే వీధి వీధంతా నవ్వుతుంది. రెండు మాటలు కలిసి ఒక పేరు అయినప్పుడు ఏ ముక్క ఉంచాం, ఏ ముక్క పారేశాం అనేదాన్ని బట్టి అర్థమే మారిపోతుంది.

మనుషులు తమ పేర్లనే కాదు, జంతువుల పేర్లను కూడా ఇలాగే కోస్తారు. ఇంగ్లీషువాళ్ళు చింపాంజీని చింప్ అంటారు. రైనోసరస్‌ను రైనో అంటారు. హిప్పోపొటమస్‌ను హిప్పో అంటారు. వాళ్ళను చూసి మనమూ అలాగే అంటున్నాం. నాకు చిన్నప్పటినుంచీ పేర్లు విప్పి చూసే అలవాటు ఉంది. గడియారం విప్పితే పెద్దవాళ్ళు కోప్పడతారు గాని, పేరు విప్పితే ఎవరూ కోప్పడరు. మళ్ళీ బిగించటం కూడా తేలికే. రండి, ఇవాళ హిప్పో అనే పేరును విప్పి చూద్దాం.

హిప్పోపొటమస్ అనేది గ్రీకు మాట. అందులో రెండు మాటలున్నాయి: "హిప్పోస్", "పొటమోస్".

ముందు రెండోదాన్ని చూద్దాం. పొటమోస్ అంటే నది. ఈ మాట మీకు కొత్తది కాదు. చరిత్ర పుస్తకంలో మెసొపొటేమియా అనే దేశం పేరు చదివే ఉంటారు. టైగ్రిస్, యూఫ్రటీస్ అనే రెండు నదుల మధ్య నేల అది. "మెసోస్" అంటే మధ్య, "పొటమోస్" అంటే నది. నదుల నడిమి దేశం కాబట్టి మెసొపొటేమియా అయింది. మన కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నేలను రాయచూరు అంతర్వేది అంటారు చూడండి, అదే అర్థమన్నమాట.

ఇక మొదటి మాట. హిప్పోస్ అంటే గుర్రం. ఇదీ మీరు ఎరిగినదే. అలెగ్జాండరు తండ్రి పేరు ఫిలిప్పు. గ్రీకులో అది "ఫిలిప్పోస్", అంటే గుర్రాలంటే ఇష్టం కలవాడు అని అర్థం. వైద్యానికి తండ్రి అని పేరుపొందిన హిప్పోక్రటీస్ పేరులో కూడా ఈ గుర్రమే ఉంది. ఇది వింతేమీ కాదు. మన సావిత్రి తండ్రి అశ్వపతి, ద్రోణుడి కొడుకు అశ్వత్థామ. గుర్రం గొప్ప ధనంగా ఉన్న కాలంలో మనుషుల పేర్లలోకి కూడా అది దౌడు తీసుకుంటూ వచ్చింది.

కాబట్టి హిప్పోపొటమస్ అంటే నదిగుర్రం. బాగానే ఉంది. మరి దాన్ని పొట్టి చేసి హిప్పో అంటే ఏమవుతుంది? నది ఎగిరిపోతుంది. ఒట్టి గుర్రం మిగులుతుంది!

పొట్టి పేర్లలో ఇలాంటి వింతలు చాలా ఉన్నాయి. మీరు రోజూ ఎక్కే బస్సు సంగతి చూడండి. దాని పూర్తి పేరు ఆమ్నిబస్. లాటిన్ భాషలో "అందరి కొరకు" అని దానికి అర్థం. అందులో "అందరూ" అనే ముక్క ముందే పోయింది. చివర ఉన్న "బస్" అనేది ఒట్టి విభక్తి ప్రత్యయం. మన తెలుగులో "కొరకు" అంటామే, అదీ! ఊళ్ళో జనమంతా "కొరకు" ఎక్కి ప్రయాణాలు చేస్తున్నారన్నమాట.

కొన్నేళ్ళ కిందట నేను హైదరాబాదులో నెహ్రూ జంతుప్రదర్శనశాల చూడటానికి వెళ్ళాను. మీరాలం చెరువు పక్కన ఉన్న ఈ ప్రదర్శనశాలను 1963లో తెరిచారు. నీటి ఏనుగుల మడుగు దగ్గర ఒక తాతగారూ, ఏడెనిమిదేళ్ళ మనవడూ నిలబడి ఉన్నారు.

"తాతా, హిప్పో అంటే ఏమిటి?" అన్నాడు వాడు.

"అదేరా, నీటి ఏనుగు" అన్నాడు తాత.

"నీటి ఏనుగు అని మనం అంటాం. హిప్పో అంటే ఏమిటి అని అడుగుతున్నా!"

తాతగారు నవ్వి, "నాకేం తెలుసురా! ఈయన్ని అడుగు, కళ్ళద్దాలు పెట్టుకున్నారు" అని నన్ను చూపించాడు. నేను, "గుర్రం బాబూ" అన్నాను.

వాడు మడుగు వంక చాలాసేపు చూశాడు. నల్లరాయి లాంటి వీపొకటి నీళ్ళ మీద తేలుతున్నది. చివరికి వాడు నా వేపు తిరిగి, "ఎక్కడ?" అన్నాడు.

మీకూ అదే సందేహం కలుగుతుంది గదా! పీపాకు పొట్టి కాళ్ళు తగిలించినట్టుండే ఈ జంతువులో గ్రీకులకు గుర్రం ఎక్కడ కనిపించింది?

క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఉండేవాడు. ఆయన ఈజిప్టు దేశాన్ని గురించి రాస్తూ, నైలు నదిలో ఉండే ఈ జంతువును కూడా వర్ణించాడు. దానికి ఎద్దుకున్నట్టు చీలిన గిట్టలున్నాయన్నాడు. చప్పిడి ముక్కు, గుర్రపు జూలు, గుర్రపు తోక, గుర్రపు గొంతు ఉన్నాయన్నాడు. అతి పెద్ద ఎద్దంత ఉంటుందన్నాడు. దాని తోలు ఎండితే బల్లేల కర్రలు చేసుకునేటంత మందంగా ఉంటుందని కూడా రాశాడు. ఇందులో తోలు మందమన్నది నిజం. జూలు మాత్రం అబద్ధం, ఈ జంతువుకు జూలే లేదు. దగ్గరగా చూసినవాడెవడూ జూలు ఉందని రాయడు.

కాని ఒక్కటి ఆలోచించండి. పగలంతా ఇది నీళ్ళలోనే ఉంటుంది. చెవులు, కళ్ళు, ముక్కుపుటాలు, మూడూ తలకు పైభాగాన వరసగా ఉంటాయి. ఒళ్ళంతా నీళ్ళలో ముంచి ఆ మూడే పైకి పెట్టుకుని చూస్తుంది. నిక్కిన చిన్న చెవులతో, పొడుగాటి మొహంతో తల ఒక్కటే నీళ్ళమీద కనిపించి, బుస్సుమని ఊపిరి వదిలితే, ఒడ్డున ఉన్నవాడికి ఏదో గుర్రం ఏరు దాటుతున్నట్టు అనిపించదూ! పేరు పెట్టినవాడు దాని తలను మాత్రమే చూశాడేమోనని నాకు అనిపిస్తుంది.

గ్రీకులు పెట్టిన ఈ పేరు దేశదేశాలా తిరిగింది. జర్మనులు దీన్ని "నైలు గుర్రం" అనే అర్థం వచ్చేటట్టు పిలుస్తారు. అరబ్బీలోనూ, చైనా భాషలోనూ దీని పేరుకు నదిగుర్రమనే అర్థం. హిందీలో దరియాయీ ఘోడా అంటారు. మనకు నీటిగుర్రం అనే మాటా ఉంది, నీటి ఏనుగు అనే మాటా ఉంది. తమిళులు కూడా నీర్‌యానై, అంటే నీటి ఏనుగు అంటారు. కళ్ళారా చూస్తే ఏనుగు పోలికే ఎక్కువ గదా! ఇక ఈ జంతువు పక్కనే తరతరాలుగా బతికిన తూర్పు ఆఫ్రికావాళ్ళ సంగతి చూడండి. వాళ్ళ స్వాహిలీ భాషలో దీన్ని "కిబోకో" అంటారు. అందులో గుర్రమూ లేదు, ఏనుగూ లేదు. దాని తోలుతో చేసిన కొరడాను కూడా కిబోకో అనే అంటారు. ఇంటి పక్కవాడికి పోలికలు వెతికి పేరు పెట్టనక్కరలేదు. దూరం నుంచి చూసినవాడికే "అది దేనిలా ఉంది?" అని ఆలోచించవలసి వస్తుంది.

ఇప్పుడొక ఆశ్చర్యమైన సంగతి చెబుతాను. హిప్పోస్ అనే గ్రీకు మాటా, మన పుస్తకాల్లో ఉన్న అశ్వం అనే సంస్కృతపు మాటా అన్నదమ్ముల బిడ్డలు! ఏమాత్రం పోలిక లేదంటారా? నిజమే, మధ్య తరాలవాళ్ళు కనిపించకపోతే చుట్టరికం తెలియదు. గ్రీసులోనూ, క్రీట్ ద్వీపంలోనూ మూడువేల ఏళ్ళకు పైబడిన మట్టిపలకలు దొరికాయి. వాటి మీద రాత ఎవరికీ కొరుకుడు పడలేదు. 1952లో మైకేల్ వెంట్రిస్ అనే ఇంగ్లీషాయన దాన్ని చదివి, అది పాత గ్రీకు భాషేనని తేల్చాడు. ఆ పలకల్లో గుర్రాన్ని "ఇక్వో" అని రాశారు. లాటిన్‌లో గుర్రం "ఎక్వుస్". ఇప్పుడు వరసగా చెప్పి చూడండి: అశ్వ, ఎక్వుస్, ఇక్వో, హిప్పోస్. చుట్టరికం వినిపిస్తున్నదా? వేల ఏళ్ళ కిందట ఒకే భాష మాట్లాడిన జనం నలుదిక్కులకూ పోయారు. వాళ్ళతోపాటు మాటా పోయి, ఒక్కొక్క చోట ఒక్కొక్క వేషం వేసుకున్నది. అందుచేత మీరు "హిప్పో" అన్నప్పుడల్లా, తెలియకుండానే "అశ్వం" అంటున్నారు.

పేరు గుర్రమే. మరి జాతి? కాళ్ళు చూస్తే తెలిసిపోతుంది. గుర్రానికి కాలికి ఒకే ఒక్క వేలు, దాని కొన గిట్టగా మారింది. హిప్పోకు కాలికి నాలుగు వేళ్ళు. గుర్రానికి నిజంగా దగ్గరి బంధువు మరొకటి ఉంది. అది రైనో, మన ఖడ్గమృగం! దానికి కాలికి మూడు వేళ్ళు. గుర్రాలూ, ఖడ్గమృగాలూ, టేపిర్లూ ఒకే కోవలోవి అని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ రైనో పేరు కూడా విప్పుదామా? రైనోసరస్ అంటే ముక్కు మీద కొమ్ము కలది. దాన్ని రైనో అని కోసేసరికి కొమ్ము ఊడిపోయి ఒట్టి ముక్కు మిగిలింది. గుర్రమని పేరున్నది గుర్రానికి ఏమీ కాదు. ముక్కు అని పేరున్నది గుర్రానికి చుట్టం!

మరి హిప్పోకు చుట్టాలెవరు? చాలాకాలం దాన్ని పందుల పక్కన నిలబెట్టారు. 1990ల దశకంలో జీవకణాల్లో ఉండే డీ.ఎన్.ఏ.ను పోల్చి చూస్తే, ఇవాళ బతికి ఉన్న జంతువులన్నిటిలోకీ దానికి అతి దగ్గరి బంధువు తిమింగలమని తేలింది. ఒకే వంశంలోని రెండు శాఖల్లో ఒకటి సముద్రానికి పోయి మళ్ళీ ఒడ్డెక్కలేదు. రెండోది నది దగ్గరే ఆగిపోయింది. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ దీనికి శాస్త్రీయనామం పెడుతూ, హిప్పోపొటమస్ తరువాత "ఆంఫీబియస్" అని చేర్చాడు. నీటా నేలా రెండు బతుకులు బతికేది అని అర్థం.

అంత పొడుగు పేరు సగమైపోయింది 19వ శతాబ్దంలో. 1850 మే నెలలో ఈజిప్టు నుంచి ఒక పిల్ల హిప్పో ఓడెక్కి ఇంగ్లండు చేరింది. తెల్ల నైలు నదిలో ఏ లంక దగ్గర దాన్ని పట్టారో ఆ లంక పేరే పెట్టి, ఒబేష్ అన్నారు. లండన్ జంతుప్రదర్శనశాలలో దాన్ని చూడటానికి జనం తిరునాళ్ళకు వెళ్ళినట్టు వెళ్ళారు. దాని పేరుతో నాట్యానికి పాట కూడా కట్టారు. అది 1878 వరకూ బతికింది. పెద్దలూ పిల్లలూ రోజూ చెప్పుకునే జంతువుకు అంత బారెడు పేరు ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆ శతాబ్దంలోనే హిప్పో అనే పొట్టి పేరు వాడుకలోకి వచ్చేసింది.

పేరులో ఒక ముక్క పోయినంత మాత్రాన జంతువుకు వచ్చిన నష్టమేమిటి అని మీరడగవచ్చు. పేరులోంచి పోతే నష్టం లేదు. కాని పోయిన ఆ ముక్కే దాని ప్రాణం.

హిప్పో చర్మం చూడటానికి మందమే గాని, ఎండకు తట్టుకోలేదు. ఒంట్లోని నీరు ఆ చర్మంలోంచి తొందరగా ఆవిరైపోతుంది. ఎండలో ఎక్కువసేపు ఉంటే చర్మం పగులుతుంది. చర్మం నుంచి ఎర్రని జిగట ద్రవం ఒకటి ఊరుతుంది. పూర్వం చూసినవాళ్ళు అది నెత్తురు చెమట అనుకున్నారు. అది నెత్తురూ కాదు, చెమటా కాదు. అందులో ఎర్రదీ, నారింజ రంగుదీ రెండు రంగు పదార్థాలున్నాయనీ, అవి ఎండను ఆపుతాయనీ, ఎర్రది సూక్ష్మజీవులను కూడా పెరగనివ్వదనీ జపాను శాస్త్రజ్ఞులు 2004లో కనిపెట్టారు. ఇంత ఏర్పాటు ఉన్నా పగలు నీళ్ళు లేకుండా దానికి గడవదు. రాత్రిపూట ఒడ్డెక్కి గడ్డి మేస్తుంది, తెల్లవారేలోగా నీళ్ళలోకి చేరుకుంటుంది. నేల మీద మేసిన గడ్డి పేడగా మారి నదిలో చేరుతుంది. నీరు పారుతున్నంతకాలం పురుగులూ చేపలూ దానివల్ల బతుకుతాయి. అంటే నది హిప్పోను పోషిస్తుంది, హిప్పో నదిని పోషిస్తుంది.

టాంజానియా దేశంలో గ్రేట్ రుఆహా అనే నది ఉంది. అది ఒకప్పుడు ఏడాది పొడుగునా పారేది. ఎగువన వరిపొలాలకు నీరు మళ్ళించటం ఎక్కువైనాక, 1993 నుంచి ఎండాకాలంలో వారాల తరబడి పారటం మానేస్తున్నది. అప్పుడు హిప్పోలన్నీ మిగిలిన బురదగుంటల్లో ఒకదాని మీద ఒకటిగా ఇరుక్కుంటాయి. పారే నీటిలో మేలు చేసిన పేడే, నిలవనీటిలో విషమవుతుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చిపోతాయి. పొలం దున్నేవాడు చెడ్డవాడు కాడు, అతని పిల్లలకు అన్నం కావాలి. కాని నది పేరులో గుర్రానికి కూడా వాటా ఉందన్న సంగతి ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి గదా! ప్రపంచంలో జీవజాతుల బాగోగులు లెక్కచూసే సంఘం 2006లో హిప్పోను ముప్పు పొంచి ఉన్న జంతువుల పట్టికలో చేర్చింది. 2016లో వేసిన లెక్క ప్రకారం ఆఫ్రికా అంతటా ఉన్నవి సుమారు 1,15,000 నుంచి 1,30,000 వరకూ మాత్రమే.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా గొడవ అనుకోకండి. మన దేశంలోనూ ఒకప్పుడు హిప్పోలుండేవి. హిమాలయాల పాదాల దగ్గరి శివాలిక్ కొండల్లో దొరికిన వాటి ఎముకలను పరీక్షించి ఫాల్కనర్, కాట్లీ అనే ఇద్దరు 1836లో ఆ సంగతి లోకానికి చెప్పారు. దాని కింది దవడకు ముందు ఆరు పళ్ళుండేవి కాబట్టి, "ఆరు ముందు పళ్ళది" అనే అర్థం వచ్చే గ్రీకు పేరే దానికీ పెట్టారు. నర్మద లోయలో కూడా ఆ జాతి ఎముకలు దొరికాయి. మన హిప్పోలు పోయాయి, మనకు వాటి పేరు కూడా మిగల్లేదు.

మా సొంత ఊరి పేరు చివర "మడుగు" అనే మాట ఉంది. నేను మీ అంత ఉన్నప్పుడు అక్కడ నిజంగానే మడుగు ఉండేది, గేదెలు మధ్యాహ్నమంతా అందులో తలలు మాత్రం పైకి పెట్టుకుని పడుకునేవి. ఇప్పుడు ఆ చోట ఇళ్ళూ, ఒక సిమెంటు రోడ్డూ ఉన్నాయి. హిప్పో పేరులో నది పోయింది గాని నది ఇంకా ఉంది. మా ఊరి పేరులో మడుగు ఉంది గాని మడుగు లేదు. ఈ రెంటిలో ఏది నయమని నన్నడిగితే, పేరు ఎంత కురచైనా సరే, నీళ్ళుండటమే నయమంటాను.

మీరు కూడా ఒక పని చెయ్యండి. మీ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లలో చెరువు, కుంట, వాగు, ఏరు, మడుగు అని ఉన్నవన్నీ ఒక కాగితం మీద రాయండి. పక్కనే, ఆ చెరువులో, ఆ కుంటలో ఇప్పుడు నీళ్ళున్నాయో లేవో మీ తాతగారినో నాయనమ్మనో అడిగి రాయండి. ఎండిపోయినవాటికి ఏమయిందో కూడా అడగండి. వాళ్ళు చెప్పే కబుర్లు ఈ హిప్పో కథకన్నా బాగుంటాయి.